రెండు వైపులా ఒకటే

ఏజెంటు షాపులోకి వచ్చాడంటే ముందు సెంటు వాసన వస్తుంది, తర్వాత ఫోన్లో అరుపులు వస్తాయి, ఆ తర్వాత మనిషి వస్తాడు. బుధవారం పొద్దున కూడా అలాగే వచ్చాడు. ఫోన్లో ఎవరినో తిడుతూనే జేబులోంచి పెన్‌డ్రైవు తీసి కంప్యూటరమ్మ కీబోర్డు మీద పడేశాడు. చేతికివ్వడం ఆయనకి అలవాటు లేదు.

ఆ ప్రింటింగ్ షాపులో ఆవిణ్ణి అందరూ కంప్యూటరమ్మ అనే పిలుస్తారు. పదహారేళ్ళుగా అదే మూల, అదే కుర్చీ. కుర్చీ దిండు మాత్రం మూడుసార్లు మారింది. బిల్లు పుస్తకాలైనా, షాపుల బోర్డులైనా, పోయినవాళ్ళ ఫొటోల కింద రాసే రెండు ముక్కలైనా ఆవిడ చేతి మీదుగా పోవలసిందే. అయితే ఆవిడకో జబ్బుంది. ఎవరు తప్పు రాసి తెచ్చినా నోరెత్తకుండా దిద్దేస్తుంది. ఫోను నంబర్లో ఒక అంకె తగ్గితే పాత ఫైళ్ళు వెతికి వేసేస్తుంది. తేదీకీ వారానికీ పొంతన లేకపోతే క్యాలెండరు చూసి సరిచేస్తుంది. దిద్దానని ఆవిడ చెప్పదు, ఎలా సరిగ్గా వచ్చిందని వాళ్ళూ అడగరు. ఎంతమంది పరువు అలా నిలబెట్టిందో లెక్క తీస్తే ఆవిడకి ఊరంతా కలిసి సన్మానం చెయ్యాలి. చెయ్యరు, అది వేరే సంగతి.

"ఆదివారం ఓపెన్ హౌస్," అన్నాడు ఏజెంటు. "బ్రోచర్లు మూడు వందలు. గేటుకో బ్యానరు. రోడ్డు మీద పెట్టడానికి బాణం బోర్డు ఒకటి, రెండు వైపులా కనిపించాలి. ఫొటోలు అందులో ఉన్నాయి. ముందు గదిలో ఏదో చెత్త ఉంది, తీసెయ్. గది ఖాళీగా, నీట్‌గా కనిపించాలి."

ఓపెన్ హౌస్ పనులు ఆవిడకి కొత్త కాదు. అమ్మకానికి పెట్టిన ఇంటిని ఒక పూట బార్లా తెరిచిపెట్టి, వచ్చినవాళ్ళందరికీ తిప్పి చూపిస్తారు. బ్రోచర్లో ప్రతి ఇల్లూ విశాలంగానే ఉంటుంది, ప్రతి కిటికీలోంచీ వెలుతురు పొంగుతుంటుంది. ఆ వెలుతురు పెట్టేది కంప్యూటరమ్మే. గోడల మీద చెమ్మ మరకలు తుడిచేదీ, పక్కింటి రేకుల షెడ్డుని చెట్టు కింద దాచేదీ ఆవిడే.

ఫొటో తెరిచింది. చెత్త అంటే ఏమిటో అని చూస్తే, కిటికీ పక్కన నల్లటి కుట్టు మిషను. కాళ్ళతో తొక్కే పాతకాలం ఇనప మిషను. దాని సొరుగుకి పట్టుకునే పిడి లేదు, పిడి ఉండాల్సిన చోట చెక్క దారపు రీలు మేకుతో బిగించి ఉంది.

కంప్యూటరమ్మ చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. ఆ రీలుని మేకుతో కొట్టింది ఆవిడ అత్తగారు. ఆ మిషను అత్తగారిది. పోయేముందు ఆవిడ మిషను కోడలికని చెప్పిందని కంప్యూటరమ్మ అంటుంది, కూతురికని చెప్పిందని ఆడపడుచు అంటుంది. అన్న మాట ఏదైతేనేం, ఆడపడుచు వ్యాను మాట్లాడుకొచ్చి పట్టపగలు దాన్ని ఎత్తించుకుపోయింది. అప్పటినుంచీ ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆడపడుచు ఆ మిషను మీదే బట్టలు కుట్టుకుంటూ ఒంటరిగా ఒక అద్దెంట్లో బతుకుతోంది. అదే ఈ ఇల్లు.

ఏజెంటు గుమ్మం దగ్గర నిలబడి ఇంకా ఫోన్లోనే ఉన్నాడు, ఈసారి ఆ ఇంటి యజమానితో. గొంతు తగ్గించాల్సిన అవసరం ఆయనకెప్పుడూ కనిపించదు. షాపులో ఉన్నవాళ్ళు ఆయన లెక్కలో మనుషులు కారు.

"టైలరమ్మ ఒకతి ఉందిలెండి సార్. అగ్రిమెంటు ఉంటే ఏంటి, ఎవడు చూడొచ్చాడు. ఆదివారం పైకప్పు రిపేరని చెప్పించాం, సాయంత్రం దాకా బయటే ఉంటుంది. ముందు ఎవడో ఒకడు అడ్వాన్సు కట్టనివ్వండి, తర్వాత దాన్ని లేపేసే పూచీ నాది."

మళ్ళీ లోపలికొచ్చి, కంప్యూటరమ్మ తల మీదుగా స్క్రీన్‌కేసి వేలు చూపించాడు. "మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాయి. 'ఖాళీ ఇల్లు. రిజిస్ట్రేషన్ రోజే తాళాలు.' అర్థమైందా?"

అర్థమైంది. బాగానే అర్థమైంది.

పని మొదలుపెట్టింది. గోడలో శుభ్రంగా ఉన్న ముక్కని తీసి మిషను మీద అద్దడం, గచ్చులో ముక్కని తీసి మిషను కాళ్ళ మీద అద్దడం, అంతే పని. నిజం చెప్పాలంటే మొదట్లో ఆవిడకి సంతోషంగానే ఉంది. ఆరేళ్ళుగా ఆ మిషను కళ్ళలో మెదిలినప్పుడల్లా కడుపు మండేది. ఇప్పుడు చక్రం పోయింది, సూది పోయింది, తొక్కుడు పలక పోయింది. కాఫీ తాగేలోపు మొత్తం మాయమైపోయింది. అప్పుడు చూసుకుంటే మిషను పోయింది గానీ నేల మీద దాని నీడ మిగిలిపోయింది. ఖాళీ గదిలో, ఏ వస్తువుదీ కాని నీడ. దాన్ని కూడా తుడిచింది. తుడుస్తున్నప్పుడు మాత్రం సంతోషం లేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భర్తకి చెప్పింది. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక ఫ్రిజ్ తలుపు ఊడి పడుంటుంది. ఆయన స్క్రూలు డబ్బాలో వేసుకుంటూ అంతా విన్నాడు.

"మీరు వెళ్ళి చెప్పండి. మీ అక్కే కదా."

"నేను చెబితే నువ్వు నేర్పించి పంపావంటుంది. అక్క సంగతి తెలీదా నీకు?"

"ఊరుకుంటే రోడ్డున పడుతుంది."

"రోడ్డునెందుకు పడుతుంది?" అన్నాడాయన అమాయకంగా. "మనింటికి వస్తుంది. తమ్ముడింటికి కాకపోతే ఎక్కడికెళ్తుంది? ముందు గదిలో ఈ ఫ్రిజ్‌లు తీసేస్తే మంచం పడుతుంది. కిటికీ దగ్గర మిషను పెట్టుకుంటుంది."

ఉన్నవి రెండు గదులు. కంప్యూటరమ్మ ముందు గది కిటికీ కేసి చూసింది. అక్కడ మిషను కనిపించింది. దాని వెనక ఆడపడుచు కనిపించింది, పొద్దున్న లేచినప్పటినుంచీ కూర ఇలా ఎందుకు తరిగావు, ఉప్పు అలా ఎందుకు వేశావు అంటూ. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు మామూలుకన్నా రెండింతలు వినిపించింది.

మర్నాడు గురువారం, ప్రూఫులు చూపించే రోజు. ఆ షాపులో సంతకం లేనిదే ఏదీ ప్రింటుకి వెళ్ళదు. వచ్చినవాళ్ళు కాగితం మీద నమూనా చూసుకుని, మార్పులేమైనా ఉంటే పెన్నుతో రాసి, కింద సంతకం పెట్టాలి. తర్వాత గొడవలు రాకుండా షాపు ఓనరు పెట్టిన పద్ధతి అది. ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పడుంటాయి.

బ్రోచరు ప్రూఫు చూసి ఏజెంటు మొహం చిట్లించాడు, కానీ వంక దొరకలేదు. బ్యానరు చూశాడు. బాణం బోర్డు ప్రూఫు చూసేసరికి కళ్ళు పెద్దవి చేశాడు.

బోర్డుకి రెండు మొహాలు కాబట్టి కంప్యూటరమ్మ రెండు నమూనాలు ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టింది. ఒకదాని మీద బాణం కుడికి ఉంది. రెండోదాని మీద ఎడమకి ఉంది. రోడ్డు పక్కన నిలబెట్టే బోర్డుకి అలాగే ఉండాలి. మార్కెట్టు వైపు నుంచి వచ్చేవాడికి ఇంటి సందు కుడిచేతి వైపు వస్తే, బస్టాపు వైపు నుంచి వచ్చేవాడికి అదే సందు ఎడమచేతి వైపు వస్తుంది. రెండు మొహాల మీదా ఒకే బాణం వేస్తే సగం మందిని సందులోకి పంపిస్తుంది, మిగతా సగాన్ని రోడ్డుకి అవతలి వైపు తోలేస్తుంది. బోర్డుల పనిలో ఓనమాలు ఇవి.

"ఇదేంటిది?" అన్నాడు ఏజెంటు. "ఒకటి ఇటు, ఒకటి అటు. కళ్ళు కనిపిస్తున్నాయా నీకు?"

"అది వెనక వైపుదండీ. అటునుంచి వచ్చేవాళ్ళకి..."

"ఇల్లు ఒకటే కదా ఉంది? రెండు వైపులకి చూపిస్తావేంటి?"

"బోర్డు నిలబెట్టినప్పుడు వెనక నుంచి చూస్తే..."

"నువ్వు చెబితే నేను వినాలా?" ఏజెంటు గొంతు పెద్దదైంది. కటింగ్ మిషను దగ్గరున్న మనిషి చెయ్యి ఆపి చూశాడు. కార్డులు అచ్చేయించుకోవడానికొచ్చిన భార్యాభర్తలు తల తిప్పి చూశారు. "పదేళ్ళుగా ఇళ్ళమ్ముతున్నాను. బాణం ఎటుండాలో ఈవిడ నేర్పుతుంది నాకు. ఈ మూల కూర్చుని బొమ్మలు దిద్దుకునేదానికి ఎంత తెలివో చూడండి. ఏం ఓనరుగారూ, పనిరానివాళ్ళని పెట్టుకుని ఎందుకండీ మా పీకలకి చుడతారు?"

ఓనరు గల్లాపెట్టె వెనకనుంచి లేవలేదు. "ఆయన చెప్పినట్టు చేసెయ్యమ్మా," అన్నాడు, కాగితం మీంచి తలెత్తకుండానే.

"సార్, ఒక్క మాట..."

"చేసెయ్యమన్నానా?"

ఏజెంటు ఆవిడ చేతిలో పెన్ను లాక్కుని, రెండో బాణాన్ని కాగితం చిరిగేలా కొట్టేశాడు. దాని కింద పెద్దక్షరాలతో 'రెండు వైపులా ఒకటే' అని రాసి, రెండు గీతలు గీసి, సంతకం పెట్టాడు. పెన్ను బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. అది దొర్లుకుంటూ కింద పడింది.

కంప్యూటరమ్మ వంగి పెన్ను తీసుకుంది. ఎవరికేసీ చూడలేదు. మామూలుగా అయితే ఆవిడ ఏం చేసేదో మనకి తెలుసు. మనిషి గుమ్మం దాటగానే రెండో బాణాన్ని నోరెత్తకుండా తిప్పేసేది. బోర్డు నిలబెట్టాక అంతా సరిగ్గానే ఉండేది, తన తెలివికి ఏజెంటు తనే మురిసిపోయేవాడు.

ఫైలు తెరిచింది. రెండో మొహం మీద కూడా కుడి బాణమే అతికించింది. ప్రింటుకి పంపింది. తర్వాత ఆ ప్రూఫు కాగితాన్ని ఫైల్లో పెట్టకుండా, చిరుగుని టేపుతో అతికించి, మడిచి, తన బ్యాగులో పెట్టుకుంది.

శుక్రవారం పని అయ్యాక బస్సెక్కి ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. ప్రేమతో కాదు. ఎవరైనా అడిగితే, తన ఇంటి ముందు గది కిటికీ కోసమని చెప్పేది.

మెయిన్ రోడ్డు మీంచి పక్కకి తిరిగితే సన్నటి సందు. సందులో ఇరవై అడుగులు నడిస్తే ఆ ఇల్లు. సందుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, మూతపడిపోయిన మందుల షాపు ఒకటి ఉంది. దాని ముందు వెడల్పాటి అరుగు, పైన రేకు పంచ. ఇంటి తలుపు తెరిచే ఉంది. గుమ్మంలోంచే మిషను కనిపించింది. ఫొటోలో తాను గచ్చు అద్దిన చోటే, నాలుగు ఇనపకాళ్ళ మీద నిక్షేపంగా ఉంది. చుట్టూ స్కూలు యూనిఫాం ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి.

ఆడపడుచు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని సూదిలోకి దారం ఎక్కించాలని చూస్తోంది. దారం సూది పక్కనుంచి జారిపోయింది. కొసని పెదాల మధ్య పెట్టి తడిచేసి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ జారింది.

"నేను ఎక్కిస్తాను వదినా."

ఆవిడ ఉలిక్కిపడి తలెత్తింది. వచ్చిందెవరో చూసి దారం వదిలేసి, మిషను మీద అరచెయ్యి పరిచి పెట్టింది. "ముట్టుకోకు. అక్కడే ఉండు."

కంప్యూటరమ్మ గుమ్మం అవతలే నిలబడిపోయింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఆరేళ్ళకి దారి తెలిసిందా?"

"మీతో ఒక మాట చెప్పాలని వచ్చాను."

"మిషను కోసమైతే ఒచ్చిన దారినే పో."

"మిషను కోసం కాదు. ఈ ఇల్లు అమ్మకానికి పెట్టారు వదినా. ఎల్లుండి ఆదివారం జనాన్ని పిలిచి చూపిస్తున్నారు. బ్రోచర్లు మా షాపులోనే అచ్చయ్యాయి, చేసింది నేనే. ఖాళీ ఇల్లని రాయించారు. కప్పు రిపేరని మిమ్మల్ని బయటికి పంపేది అందుకే."

ఆడపడుచు ఆవిణ్ణి కింద నుంచి పైదాకా చూసింది.

"కప్పు సంగతి నీకెవరు చెప్పారు?"

"ఏజెంటు ఫోన్లో అంటుంటే విన్నాను."

"ఇంటాయన స్వయంగా వచ్చి చెప్పాడు నాకు. ఏడేళ్ళుగా అడుగుతున్నాను, ఇప్పటికి ఆయన మనసు కరిగి కప్పు బాగుచేయిస్తున్నాడు. నాకో మంచి జరిగితే నీ కళ్ళు ఓర్వవు."

"వదినా, నేను అబద్ధం ఎందుకు చెబుతాను? మీరు ఆదివారం కదలకుండా ఇంట్లోనే కూర్చోండి. అగ్రిమెంటు చేతిలో పట్టుకుని..."

"నువ్వు చెబితే నేను వినాలా?"

అదే మాట, అదే విసురు. ఆ గుమ్మంలో కంప్యూటరమ్మకి సెంటు వాసన తగిలినట్టనిపించింది.

"నాకు తెలుసు నీ ఎత్తు," అంది ఆడపడుచు. "ఇంటాయనతో నేను గొడవ పెట్టుకోవాలి. ఆయనకి ఒళ్ళు మండి నన్ను వెళ్ళగొట్టాలి. నేను సామాను మోసుకుంటూ తమ్ముడింటికి రావాలి. నా మిషను నీ ముందు గదిలో చేరాలి. ఎంత దూరం ఆలోచించావు. మా అమ్మ ఊరికే అనేది కాదు నిన్ను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు కంప్యూటరమ్మకి. ఏ గోల తప్పించుకోవాలని అంత దూరం వచ్చిందో, అదే తన కోరిక అంటోంది ఈవిడ.

"సరే," అంది. "మీ ఇష్టం. చెప్పాల్సింది చెప్పాను."

"చెప్పావుగా. వెళ్ళు. సోమవారం పొద్దున్నకి నలభై జతలు ఇవ్వాలి నేను. ఆ ఎదురు అరుగు మీద మిషను పెట్టించుకుని అక్కడే కుట్టుకుంటాను. ఇంటి మీద కన్నేసినట్టూ ఉంటుంది. దొంగలు బయటివాళ్ళే కానక్కర్లేదు."

ఆ చివరి మాట వీపుకి తగిలింది. కంప్యూటరమ్మ సందు దాటి రోడ్డెక్కేదాకా వెనక్కి చూడలేదు. ఉండనీ, రోడ్డున పడనీ, మంచం నడి గదిలో వేసుకోనీ, నాకెందుకు అనుకుంది. బస్సులో కూర్చున్నాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం వస్తే ఆవిడకి కళ్ళనీళ్ళే వస్తాయి, అది ఆవిడకి ఇంకా కోపం.

ఆదివారం సెలవు. కానీ పొద్దున్నే ఓనరు ఫోను. బోర్డుని స్టాండుకి బిగించడం ఏజెంటు మనుషులకి చేతకాలేదట, స్క్రూలు ఎక్కడివో తెలియలేదట. "నువ్వెళ్ళి నిలబెట్టి వచ్చెయ్యమ్మా. అరగంట పని," అన్నాడు.

వెళ్ళేసరికి సందు మొదట్లో బోర్డు నేల మీద పడుంది. ఏజెంటు ఇస్త్రీ చొక్కాలో, చేతిలో బ్రోచర్ల కట్టతో నిలబడి ఉన్నాడు. ఇంటి గేటుకి బ్యానరు కట్టారు, గేటు సందులోకి తిరిగి ఉంటుంది కాబట్టి అది రోడ్డు మీదకి కనబడదు. ముందు గది ఖాళీ చేసి తుడిచారు, అచ్చం ఫొటోలోలాగే. యూనిఫాం ముక్కలన్నీ వెనక గదిలో తోసి తాళం వేశారు.

రోడ్డుకి అవతల, మందుల షాపు అరుగు మీద, రేకు పంచ కింద ఆడపడుచు కూర్చుని ఉంది. అన్నంత పనీ చేసింది. మిషను ముందు పెట్టుకుని టకటకా తొక్కుతోంది. గేటు బ్యానరు ఆవిడకి అక్కడినుంచి కనబడదు. మరదల్ని చూసింది, చూడనట్టు తల దించుకుంది.

"ఏంటి చూస్తున్నావు? బిగించు," అన్నాడు ఏజెంటు. "ఇక్కడ, రోడ్డుకి అడ్డంగా, అటూ ఇటూ వచ్చేవాళ్ళకి కనబడాలి."

కంప్యూటరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు స్క్రూలూ బిగించింది. లేచి, కాస్త వెనక్కి నడిచి చూసింది. మార్కెట్టు వైపు నుంచి చూస్తే బాణం సందులోకి చూపిస్తోంది. రెండోవైపుకి నడిచి చూసింది. బస్టాపు వైపు నుంచి చూస్తే బాణం రోడ్డు దాటి, తిన్నగా, మందుల షాపు అరుగు మీద కుట్టు మిషను తొక్కుతున్న మనిషిని చూపిస్తోంది. 'అమ్మకానికి ఇల్లు. దయచేయండి.'

ఆవిడ నోరు తెరిచింది.

"ఏజెంటుగారూ, ఈ వెనక బాణం..."

"మళ్ళీ మొదలుపెట్టావా? నీ పని అయిపోయింది, ఇక దయచెయ్యి."

కంప్యూటరమ్మ నోరు మూసుకుంది. దయచెయ్యలేదు. సందు మలుపులో ఆగి ఉన్న వ్యాను పక్కన నిలబడింది.

మొదటివాళ్ళు మార్కెట్టు వైపు నుంచి వచ్చారు. సందులోకి తిరిగారు. ఏజెంటు పళ్ళన్నీ బయటపెట్టి వాళ్ళని లోపలికి తీసుకెళ్ళాడు. అప్పుడే ఒక బస్సు ఆగింది. చంటిపిల్లనెత్తుకున్న ఒక జంట, వాళ్ళ వెనక బట్టతలాయన ఒకరు దిగారు. బట్టతలాయన చేతిలో ముందే ఎక్కడో తీసుకున్న బ్రోచరుంది. బోర్డు చూశారు. రోడ్డు దాటారు. అరుగు దగ్గరికి వెళ్ళారు.

అంత దూరం నుంచి మాటలు వినబడవు. కంప్యూటరమ్మని కాళ్ళు వాటంతటవే రోడ్డు దాటించాయి.

"ఇల్లు చూడ్డానికి వచ్చామమ్మా," అంటున్నాడు బట్టతలాయన. "లోపలికి ఎటువైపు నుంచి?"

"ఏ ఇల్లు?" అంది ఆడపడుచు తొక్కడం ఆపకుండా. "ఇది మూసేసిన షాపు."

"ఇటే చూపిస్తోందిగా బోర్డు. ఇదిగో, ఈ ఇల్లు."

బ్రోచరు ఆవిడ ముందు పెట్టాడు. తొక్కుడు ఆగింది. చక్రం ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది. ఆడపడుచు కళ్ళజోడు సర్దుకుని బొమ్మ చూసింది. తన కిటికీ. తన గోడ మీద తను కొట్టిన మేకు. కిటికీ పక్కన ఏమీ లేదు. చాలాసేపు ఆ ఏమీ లేని చోటుకేసే చూసింది. తర్వాత పైన పెద్దక్షరాలు పెదాలు కదుపుతూ చదివింది. తర్వాత తలెత్తి, అరుగు కింద నిలబడి ఉన్న మరదలికేసి చూసింది.

"ఖాళీ ఇల్లా?" అంది బట్టతలాయనతో, మామూలు గొంతుతోనే. "ఈ ఇంట్లో ఉంటున్నది నేనేనండి. ఏడేళ్ళనుంచి."

మిషను సొరుగు కింద చెయ్యి పెట్టి, కొంచెం పైకెత్తి, రీలు పట్టుకుని లాగింది. లోపల ప్లాస్టిక్ కవర్లో మడిచిన కాగితం. "చదువుకోండి. ఇంకా పదకొండు నెలలుంది. కొనుక్కున్నవాళ్ళైనా సరే అప్పటిదాకా నన్ను కదపకూడదని రాసుంది. ఇంటాయన సంతకం ఇది. ఇది నాది."

బట్టతలాయన ప్రతి అక్షరం చదివే మనిషి. చదివాడు, తిప్పి వెనక కూడా చదివాడు. ఈలోపు ఇంకో బస్సు వచ్చింది, ఇంకో నలుగురు బోర్డు చూసి ఇటే వచ్చారు. కాగితం చేతులు మారింది. చంటిపిల్ల తల్లి భర్త చొక్కా పట్టుకుని లాగి, "అడ్వాన్సు చెక్కు జేబులోంచి తీశావంటే చూడు," అంది. బట్టతలాయన ఒక్కడూ రోడ్డు దాటి సందులోకెళ్ళి, ఖాళీ గది చూసి, తిరిగొచ్చాడు.

"ఆ గదిలో గచ్చు మీద నాలుగు గుంటలున్నాయమ్మా. ఈ మిషను కాళ్ళవేనా?"

"వేరే ఎవరివవుతాయి?"

ఆయన వెనకే ఏజెంటు పరుగెత్తుకొచ్చాడు. అరుగు చుట్టూ గుమిగూడిన జనాన్ని చూశాడు, ఆడపడుచుని చూశాడు, ఆ తర్వాత బోర్డుకేసి చూశాడు. అప్పటికి బుర్రకెక్కింది. ఒక్క పరుగున వెళ్ళి బోర్డుని స్టాండుతో సహా ఎత్తి, వెనకది ముందుకి వచ్చేలా తిప్పి పెట్టాడు. దూరం వెళ్ళి చూశాడు. బాణం ఇంకా అరుగునే చూపిస్తోంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. రెండు మొహాలూ ఒకటే అయినప్పుడు ఎన్నిసార్లు తిప్పితే ఏముంది. రోడ్డు మీద ఎవరో నవ్వారు.

ఆఖరికి బోర్డుని నేలకేసి కొట్టి కంప్యూటరమ్మ మీదకి వచ్చాడు.

"కావాలని చేశావు కదూ? నీ ఉద్యోగం ఊడగొట్టకపోతే చూడు."

ఆవిడ బ్యాగు తెరిచింది. టేపు అతికించిన కాగితం మడత విప్పి, ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. కొట్టేసిన బాణం, పెద్దక్షరాలు, రెండు గీతలు, సంతకం.

"నేను చెప్పాను. మీరు వినలేదు."

ఏజెంటు కాగితం లాక్కోబోయాడు. బట్టతలాయన మధ్యలోకి వచ్చి, "నన్నూ చూడనివ్వండి," అని కళ్ళజోడు పెట్టుకున్నాడు. అప్పుడే ఏజెంటు ఫోను మోగింది. తెర మీద పేరు చూసి, "సార్, సార్" అంటూ సందులోకి నడిచాడు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు బ్రోచర్లు అరుగు మీద పెట్టేసి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

పంచ కింద ఇద్దరే మిగిలారు. ఆడపడుచు అగ్రిమెంటు కవర్లో పెట్టి, సొరుగులో పడేసి మూసింది. మరదలి మొహం చూడకుండా బ్రోచరు మీద వేలితో కొట్టింది.

"మిషను చెరిపింది నువ్వేనా?"

"నేనే."

"బాగానే చెరిపావు. ఉన్నట్టే లేదు."

కంప్యూటరమ్మ అరుగు మీది బ్రోచర్లు ఒకచోట పేర్చింది.

"మొన్న ఒక్కసారి చెప్పి వెళ్ళిపోయావు. అంత ముఖ్యమైన సంగతి ఒక్కసారి చెప్పి ఊరుకుంటారా ఎవరైనా? గుమ్మంలో కూర్చుని పదిసార్లు చెప్పాలి."

"మీరు వెళ్ళమన్నారు."

"నేను వెళ్ళమంటే వెళ్ళిపోవడమేనా? నీకు ఏ పనీ సరిగ్గా చేతకాదని మా అమ్మ అప్పుడే అంది."

కంప్యూటరమ్మకి మళ్ళీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతా చేస్తే వచ్చిన బిరుదు ఇది. బ్యాగు భుజాన వేసుకుంది. వెనక్కి తిరిగింది.

"ఎక్కడికి?" అంది ఆడపడుచు. "ఇందాక గొడవలో దారం తెగింది. నలభై జతల్లో ఇంకా సగం మిగిలే ఉన్నాయి. ఎక్కించు."

మిషను మీద నుంచి చెయ్యి తీసింది. తను కూర్చున్న బల్ల మీద కొంచెం పక్కకి జరిగింది. ఎక్కువ జరగలేదు.

కంప్యూటరమ్మ బ్యాగు భుజం మీంచి దించింది. తర్వాత అరుగెక్కి, ఆ మిగిలిన జానెడు చోట్లో కూర్చుని, దారం కొస తీసుకుంది. ఒక్కసారికే ఎక్కింది.

"మిషను ఇస్తానని ఆశ పెట్టుకోకు."

"నాకేం అక్కర్లేదు మీ మిషను."

"ఊఁ. నీలం రీలు అయిపోవచ్చింది. సొరుగులో ఇంకోటుంది, తియ్యి."

కంప్యూటరమ్మ చెక్క రీలు పట్టుకుని లాగింది. రాలేదు. ఆ సొరుగు ఊరికే లాగితే ఎప్పుడూ రాదు. ఎలా లాగాలో ఆడపడుచు చెప్పలేదు, ఆవిడా అడగలేదు. కింద చెయ్యి పెట్టి కొంచెం పైకెత్తి లాగింది. వచ్చింది.